దంత ఇంప్లాంట్ల రకాలు, వాటి ముప్పులు: తరచుగా అడిగే ప్రశ్నలు

"అన్నిటికన్నా మంచి ఇంప్లాంట్ ఏది డాక్టర్ గారూ?" కుర్చీలో కూర్చోగానే ఎక్కువ మంది అడిగేది ఇదే. చెప్పులు కొనేటప్పుడు ఏ సైజు మంచిదని ఎవరూ అడగరు, పాదం చూసుకుంటారు. ఇక్కడ పాదం అంటే దవడ ఎముక. ఒక రకం వద్దనుకుని ఇంకో రకానికి వెళ్లినంత మాత్రాన ముప్పు పోదు, చోటు మారుతుంది. ఎక్కడినుంచి ఎక్కడికి మారుతుందో తెలిస్తే నిర్ణయం సులువవుతుంది.

ఇంప్లాంట్ అంటే పన్నా, స్క్రూనా?

స్క్రూ. ఎముకలోకి దిగి, పంటి వేరు చేసే పని చేసే భాగం అది. దాని మీద చిగురు దాటి పైకి వచ్చే చిన్న దిమ్మె అబట్‌మెంట్. ఆ పైన కనిపించేది క్యాపు. మూడింటినీ కలిపి ఇంప్లాంట్ అనడం అలవాటైపోయింది గానీ, తేడా వచ్చినప్పుడు ఈ కలగలుపు అనవసరంగా భయపెడుతుంది. "ఇంప్లాంట్ కదులుతోంది" అని కంగారుగా వచ్చేవారిలో చాలామందికి నిజానికి కదిలేది క్యాపు. అబట్‌మెంట్‌ను పట్టి ఉంచే సన్నని మర వదులై ఉంటుంది, బిగిస్తే సరిపోతుంది. ఎముకలోని స్క్రూయే కదిలితే మాత్రం బిగించడానికి ఏమీ ఉండదు. దాన్ని తీసేయవలసిందే.

ఎముకకు లోహం ఎలా అతుక్కుంటుంది?

1952లో స్వీడన్ పరిశోధకుడు పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్, ఎముకలో రక్తప్రసరణ ఎలా సాగుతుందో చూడటానికి కుందేలు కాలి ఎముకలో ఒక టైటానియం పరికరం అమర్చాడు. పని పూర్తయ్యాక తీయబోతే అది ఊడి రాలేదు, ఎముక దాన్ని పట్టేసుకుంది. 1965లో ఆయన తొలిసారి మనిషి దవడలో టైటానియం స్క్రూలు అమర్చాడు. దంతవైద్య ప్రపంచం దీన్ని గట్టిగా నమ్మింది మాత్రం 1982లో టొరంటోలో జరిగిన సమావేశం తర్వాతే.

ఈ అతుకును అస్థిసంధానం అంటారు. అది ఒక్కరోజులో జరగదు. బిగించిన రోజున ఇంప్లాంట్‌ను నిలబెట్టేది మర పట్టు మాత్రమే. ఆ తర్వాత ఒత్తిడి పడిన ఎముక కొంత కరుగుతుంది, దాని స్థానంలో వచ్చే కొత్త ఎముక గట్టిపడటానికి సమయం పడుతుంది. మూడు నాలుగు వారాల దగ్గర పట్టు అన్నిటికన్నా బలహీనంగా ఉంటుంది. సరిగ్గా అప్పటికే వాపు తగ్గి, నొప్పి పోయి, "ఇక అంతా బాగుంది" అనిపిస్తుంది. గట్టి పదార్థాలు కొరకాలన్న ధైర్యం వచ్చేదీ అప్పుడే. ఈ దశలో ఇంప్లాంట్ సుమారు 150 మైక్రాన్లు, అంటే ఒకటి రెండు వెంట్రుకల మందం మేర పదే పదే కదిలినా చాలు, చుట్టూ ఎముకకు బదులు మెత్తటి నారపొర ఏర్పడుతుంది. అలా ఏర్పడితే ఆ ఇంప్లాంట్ నిలవదు.

అసలు ఎన్ని రకాలు ఉన్నాయి?

ఎక్కడ కూర్చుంటుందన్న లెక్కన ప్రధానంగా మూడు. ఎముక లోపలికి దిగేవి మొదటి రకం, ఇవాళ పెట్టేవాటిలో అత్యధికం ఇవే. ఎముక మీద, చిగురు కింద చట్రంలా కూర్చునేవి రెండో రకం. 1940లలో స్వీడన్‌లో మొదలై, తర్వాత వెనకబడి, ఇప్పుడు స్కాన్ ఆధారంగా ముద్రించిన టైటానియం చట్రాలతో మళ్లీ కనిపిస్తున్నాయి. దవడను దాటి చెంప ఎముకలో పాతుకునే జైగోమాటిక్ ఇంప్లాంట్లు మూడో రకం.

1960లలో పలక ఆకారపు బ్లేడ్ ఇంప్లాంట్లు కూడా వచ్చాయి. పాత ఎక్స్‌రేలలో అప్పుడప్పుడు కనిపిస్తాయి. వాటి చుట్టూ నారపొర ఏర్పడటం మామూలు, చెడితే తీయడానికి ఎముకను చాలా కోయవలసి వచ్చేది. మరలాంటి ఆకారం గెలవడానికి అదొక కారణం.

టైటానియమా, జిర్కోనియానా?

ముందుగా ఒక చిక్కు విప్పాలి. జిర్కోనియం లోహం, జిర్కోనియా తెల్లటి పింగాణీ. టైటానియంలో జిర్కోనియం కలిపిన మిశ్రలోహపు ఇంప్లాంట్లు ఉన్నాయి. సన్నగా ఉన్నా బలంగా ఉండటం వాటి ప్రత్యేకత, అవి పింగాణీవి కావు. పేర్లు ఇంత దగ్గరగా ఉండటంతో ఒకటి అడిగి ఇంకోటి అనుకునేవారున్నారు.

పింగాణీ ఇంప్లాంట్‌కు నిజమైన మేలు రంగులో ఉంది. చిగురు పలుచగా ఉన్నవారికి ముందు పంటి దగ్గర టైటానియం బూడిదరంగు నీడలా కనిపించవచ్చు, జిర్కోనియాతో ఆ ఇబ్బంది ఉండదు. దాని మీద గార కూడా కొంత తక్కువగా పడుతుంది. ముప్పు మరోచోట ఉంది. లోహం వంగి తట్టుకునే చోట పింగాణీ విరుగుతుంది. పైగా వీటిలో చాలావరకు ఒకే ముక్కగా వస్తాయి. స్క్రూ, అబట్‌మెంట్ కలిసే ఉంటాయి కాబట్టి ఎముకలో ఏ కోణంలో దిగిందో పన్నూ ఆ కోణంలోనే నిలబడాలి, తర్వాత సరిదిద్దుకునే వెసులుబాటు తక్కువ. మొదటి రోజునుంచే నాలుక, నమలడం దానికి తగులుతూ ఉంటాయి. టైటానియంకు ఉన్న అర్ధశతాబ్దపు అనుభవం దీనికి లేదు.

"లోహం ఒంట్లో వద్దు" అన్న కారణం ఒక్కటే అయితే నేను జిర్కోనియా వైపు తొందరగా మొగ్గను. టైటానియం అలర్జీ ఉంది గానీ చాలా అరుదు. ముందు పన్ను, పలుచని చిగురు, నవ్వితే చిగురు బాగా కనిపించే పెదవి, ఈ మూడూ కలిస్తే అప్పుడు ఆలోచిస్తాను.

మినీ ఇంప్లాంట్లు సులువంటారు, నిజమేనా?

పెట్టడం సులువే. వ్యాసం 3 మిల్లీమీటర్ల లోపు ఉంటుంది (మామూలువి సాధారణంగా 3.5 నుంచి 5). చిన్న రంధ్రం, చాలాసార్లు చిగురు కోయకుండానే పని అయిపోతుంది. కింది దవడలో జారిపోయే పళ్ల సెట్టును పట్టి ఉంచడానికి ఇవి బాగా పనికొస్తాయి. వెనక నమిలే పన్ను స్థానంలో ఒంటరిగా ఒక మినీని నిలబెట్టడం మాత్రం వేరే సంగతి. సన్నని లోహం ఏళ్ల తరబడి అటూ ఇటూ వంగి వంగి అలసి విరిగితే, విరిగిన ముక్క ఎముకలోనే ఉండిపోతుంది. దాన్ని తీయడం పెట్టినంత సులువు కాదు.

బేసల్ ఇంప్లాంట్లు పెట్టిస్తే మూడు రోజుల్లో పళ్లు వస్తాయట?

వస్తాయి. ఒకే ముక్కగా ఉండే ఈ ఇంప్లాంట్లు పైనున్న మెత్తటి ఎముకను వదిలి, అడుగునున్న గట్టి ఎముకను పట్టుకుంటాయి. వాటిని వెంటనే ఒకదానికొకటి బిగించి పళ్లు కడతారు. ఎముక కలపకుండా పని జరగడం ఆకర్షణ. నా అభ్యంతరం ఒక్కటే: మామూలు రెండు ముక్కల ఇంప్లాంట్లకు ఉన్నంత దీర్ఘకాలపు, స్వతంత్రమైన రుజువు వీటికి లేదు. పైగా ఒకటి చెడితే దాన్ని సరిచేయడానికి బ్రిడ్జి, అంటే కలిపి కట్టిన పళ్ల వరుస, మొత్తం కదిలించవలసి రావచ్చు. పెట్టేవారికి వీటిలో ఎంత అనుభవం ఉందో, చెడితే ఎవరు తీస్తారో అడగకుండా ఒప్పుకోకండి.

నాకు ఎముక సరిపోదన్నారు. ఇప్పుడేమిటి?

పన్ను తీయగానే ఎముక తగ్గడం మొదలవుతుంది. మొదటి ఏడాదిలో వెడల్పు సగం దాకా పోవచ్చు, అందులో ఎక్కువ భాగం మొదటి మూడు నెలల్లోనే. పై దవడ వెనక భాగంలో ఇంకో చిక్కు. అక్కడ పళ్ల వేర్ల పైనే సైనస్ అనే గాలిగది ఉంటుంది. పన్ను పోయాక ఎముక కింది నుంచి అరుగుతుంది, సైనస్ పై నుంచి దిగుతుంది. మధ్యలో మిగిలేది కొన్నిసార్లు కోడిగుడ్డు పెంకును తలపిస్తుంది.

అప్పుడు మూడు దారులు. ఒకటి, ఎముక పెంచడం. సైనస్ అడుగున ఉండే పలుచని పొరను పైకి లేపి కింద ఎముక పొడిని నింపుతారు. ఆ పొర తడి ఉల్లిపొరలా ఉంటుంది. పక్కనుంచి చిన్న కిటికీ తెరిచి, మొద్దు అంచు పరికరంతో దాన్ని ఎముకనుంచి కొద్దికొద్దిగా ఒలుస్తుంటే, రోగి ఊపిరితో పాటు అది పైకీ కిందికీ ఆడటం కనిపిస్తుంది. ఆ కదలిక కనిపిస్తే పొర చిరగలేదని కొంత ధైర్యం. ఈ శస్త్రచికిత్సలో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు అది చిరగడమే. చిన్న చిరుగైతే కప్పి కొనసాగవచ్చు, పెద్దదైతే ఆపి కొన్ని నెలల తర్వాత మళ్లీ మొదలుపెట్టాలి. నింపే ఎముక మీ ఒంటినుంచే తీసింది కావచ్చు, దాతది కావచ్చు, పశువుదీ కావచ్చు, కృత్రిమమైనదీ కావచ్చు. ఏదో చెప్పమని అడగండి. నమ్మకాల రీత్యా అభ్యంతరం ఉన్నవారు ముందే చెబితే వేరేది వాడవచ్చు.

రెండు, పొట్టి ఇంప్లాంట్. 6 మిల్లీమీటర్లవి కూడా ఇప్పుడు వాడుతున్నారు. ఎముక పెంచి పొడవైనవి పెట్టడంతో పోల్చి చూసిన అయిదేళ్ల పరిశీలనల్లో ఇవి పెద్దగా వెనకబడలేదు, శస్త్రచికిత్స చిక్కులు తక్కువ. ముప్పు ఎక్కడికి మారిందంటే, పొట్టి వేరు మీద పొడవాటి క్యాపు నిలబడుతుంది. చుట్టూ ఎముక రెండు మిల్లీమీటర్లు తగ్గినా పొడవైనదానికి అది చిన్న నష్టం, దీనికి మూడో వంతు ఆస్తి.

మూడు, జైగోమాటిక్. 30 నుంచి 50 మిల్లీమీటర్లు దాటిన పొడవు వరకు ఉండే ఈ ఇంప్లాంట్లు అంగిలి పక్కన మొదలై, సైనస్ గుండా లేదా దాని పక్కగా చెంప ఎముకలోకి వెళ్తాయి. ఆ ఎముక పైన కంటి గుంట ఉంది. సైనసైటిస్ (సైనస్ వాపు) రావడం వీటితో బాగా తెలిసిన సమస్య, కంటి గుంటను తాకడం అరుదైనా తీవ్రమైనది. పై దవడలో ఎముక దాదాపు లేనివారికి ఇది వరమే. ఎముక పెంచే కొన్ని నెలలు ఆగలేకపోవడం ఒక్కటే కారణమైతే నేను వద్దంటాను.

పళ్లన్నీ పోయాయి. రెండు చాలా, నాలుగు కావాలా, ఆరా?

కింది దవడకు రెండు ఇంప్లాంట్లు, వాటి మీద బటన్లలా బిగిసే తీసిపెట్టే పళ్ల సెట్టు: దీన్ని కనీస ప్రమాణంగా చాలామంది నిపుణులు 2002 నుంచే చెబుతున్నారు. సెట్టు జారడం ఆగుతుంది, రోజూ తీసి కడుక్కోవచ్చు. బటన్లలోని ప్లాస్టిక్ అరిగితే మారుస్తూ ఉండాలి.

తీయనవసరం లేని పళ్లు కావాలంటే నాలుగు లేదా ఆరు. నాలుగు పద్ధతిలో వెనక రెండింటిని 45 డిగ్రీల దాకా వాల్చి పెడతారు, దాంతో సైనస్‌ను, కింది దవడ నాడిని తప్పించుకోవచ్చు. తెలివైన పద్ధతే. అయితే నాలుగు కాళ్ల బల్లకు ఒక కాలు పోతే ఏమవుతుందో ఇక్కడా అదే అవుతుంది. చేతులు వణికేవారికి, చూపు మందగించినవారికి బ్రిడ్జి కింద శుభ్రం చేసుకోవడం కష్టం. అలాంటివారికి తీసిపెట్టే సెట్టే మేలని చెబితే మొదట నొచ్చుకుంటారు, రెండేళ్ల తర్వాత నొచ్చుకోరు.

పన్ను తీసిన రోజే ఇంప్లాంట్ పెట్టించుకోవచ్చా?

గుంతలో చీము లేకుండా, ముందు గోడ చెక్కుచెదరకుండా ఉంటే పెట్టవచ్చు. అదే రోజు క్యాపు కూడా వేయాలంటే బిగింపు బలం సుమారు 35 న్యూటన్ సెంటీమీటర్లు అందాలని చాలామంది పాటించే లెక్క. రెంచిలో ఆ అంకె చూపించాకే నిర్ణయం. ముందు పన్నైతే, ఆ తాత్కాలిక క్యాపును ఎదుటి పంటికి తగలకుండా కాస్త పొట్టిగా ఉంచుతాం. "ఇది పొట్టిగా ఉందే" అని అద్దంలో చూసి అడిగినవారికి నా జవాబు: కావాలనే.

ఆపరేషన్‌లో జరగగల ప్రమాదాలు ఏమిటి?

కింది దవడ లోపల ఒక నాడి సాగుతుంది. పెదవి, గడ్డం స్పర్శ దానిదే. ఇంప్లాంట్ కొనకూ ఆ నాడికీ మధ్య కనీసం 2 మిల్లీమీటర్ల ఎడం ఉంచుతాం, అందుకే మూడు కోణాల్లో చూపే సీబీసీటీ స్కాన్. కంప్యూటర్‌లో తయారైన గైడ్ వాడినా సుమారు ఒక మిల్లీమీటరు తేడా రావచ్చు, కాబట్టి ఆ 2 మిల్లీమీటర్లు విలాసం కాదు. మత్తు దిగవలసిన వేళ దాటినా పెదవి మొద్దుబారే ఉంటే మర్నాటి అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, అదే రోజు ఫోను చేయండి. ఇంప్లాంట్ నాడిని నొక్కుతుంటే మొదటి ఒకటిన్నర రోజులో తీసేస్తే కోలుకునే అవకాశం మెరుగు.

కింది దవడ ముందు భాగం సురక్షితమని పేరు. అయితే దవడ లోపలి వైపు గోడను డ్రిల్లు దాటితే నాలుక కిందనున్న ధమని తెగవచ్చు. రక్తం నోటి అడుగున పేరుకుని నాలుకను పైకి నెట్టి శ్వాసకు అడ్డుపడుతుంది. చాలా అరుదు, కానీ ప్రాణాంతకం. ఇంటికి వెళ్లాక నాలుక కింద వాపు పెరుగుతూ ఉంటే, మింగడం కష్టమైతే నేరుగా అత్యవసర విభాగానికి వెళ్లాలి.

కనిపించని ప్రమాదం వేడి. ఎముక 47 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక నిమిషం ఉంటే దెబ్బతింటుంది. మొద్దుబారిన డ్రిల్లు, చాలని నీళ్లు, తొందర చెయ్యి, వీటితో ఎముక కాలిపోతుంది, ఆ రోజు ఎవరికీ తెలియదు. కొన్ని వారాల తర్వాత ఇంప్లాంట్ కారణం లేకుండా కదిలినట్టు కనిపిస్తుంది. కింది దవడ ముందు భాగంలోని దట్టమైన ఎముకకు ఈ భయం ఎక్కువ.

చుట్టూ చిగురు వాచి చీము వస్తోంది. ఇంప్లాంట్ పోయినట్టేనా?

ఎప్పుడు వచ్చారన్నదాన్ని బట్టి ఉంటుంది. వాపు, రక్తం చిగురు వరకే ఉంటే మ్యూకోసైటిస్, శుభ్రం చేస్తే వెనక్కి తగ్గుతుంది. ఎముక కూడా కరుగుతుంటే అది పెరి-ఇంప్లాంటైటిస్. దాన్ని ఆపడానికి ప్రయత్నిస్తాం, పోయిన ఎముక పూర్తిగా తిరిగి రావడం అరుదు.

సహజమైన పంటికి చిగురు నారలు వేరులోకి నాటుకుని ఉంటాయి. ఇంప్లాంట్ చుట్టూ అవి గాజుల్లా చుట్టుకుంటాయే తప్ప లోపలికి దిగవు. అందుకే సూక్ష్మజీవులకు లోపలికి వెళ్లే దారి సులువు. పైగా ఇది తరచుగా నొప్పి లేకుండా సాగుతుంది. చిగుళ్ల జబ్బుతో పళ్లు పోగొట్టుకున్నవారికి ఈ ముప్పు ఎక్కువ, పళ్లు పోయాయి గానీ ఆ జబ్బు వచ్చే స్వభావం పోలేదు కదా. బ్రష్ చేసినప్పుడు ఇంప్లాంట్ దగ్గర రక్తం కనిపిస్తే నొప్పి కోసం ఎదురుచూడకండి.

క్యాపును స్క్రూతో బిగించాలా, సిమెంటుతో అతికించాలా?

సిమెంటుతో అతికిస్తే పైన రంధ్రం ఉండదు, చూడ్డానికి బాగుంటుంది. అయితే చిగురు కిందికి జారిన సిమెంటు ముక్క ఏళ్ల తరబడి అక్కడే కూర్చుని ఎముకను కరిగించగలదు. స్క్రూ క్యాపును ఎప్పుడైనా విప్పి చూడవచ్చు. కుదిరినచోటల్లా నా ఓటు స్క్రూకే.

మధుమేహం, పొగ, మందులు: ఎవరికి పెట్టకూడదు?

అదుపులో ఉన్న మధుమేహం అడ్డంకి కాదు. అదుపు తప్పినది అయితే ముందు దాన్ని దారికి తేవాలి. పొగ తాగేవారిలో ఇంప్లాంట్ విఫలమయ్యే అవకాశం సుమారు రెట్టింపు.

అందరూ చెప్పడం మరిచే మందులు ఎముకలు గుల్లబారకుండా వాడేవి: బిస్ఫాస్ఫోనేట్లు, డెనోసుమాబ్. "దంతాలకీ దీనికీ ఏం సంబంధం" అనుకుని చెప్పరు. శస్త్రచికిత్స తర్వాత దవడ ఎముక మానకుండా బయటపడే పరిస్థితి ఈ మందులతో రావచ్చు, ముఖ్యంగా క్యాన్సర్ చికిత్సలో పెద్ద మోతాదుల్లో ఇంజెక్షన్‌గా తీసుకున్నవారికి. తల, మెడకు రేడియేషన్ తీసుకున్నవారు కూడా తప్పక చెప్పాలి. రక్తం పలచబరిచే మందులను మాత్రం మీ అంతట మీరు ఆపవద్దు. ఆపితే వచ్చే ప్రమాదం, ఆపకపోతే కారే రక్తం కన్నా పెద్దది కావచ్చు.

నిద్రలో పళ్లు కొరికేవారికి ఇంకో మాట. సహజమైన పంటి చుట్టూ ఉండే స్నాయువు ఎంత గట్టిగా కొరుకుతున్నామో చెబుతుంది. ఇంప్లాంట్‌కు అది లేదు. రాత్రి తొడుగు తప్పనిసరి అనుకోండి.

పదహారేళ్ల అబ్బాయికి ముందు పన్ను పోయింది. ఇంప్లాంట్ పెట్టవచ్చా?

ఆగాలి. పై దవడ పెరుగుతూ ఉంటే చుట్టుపక్కల పళ్లు దానితో కిందికి దిగుతాయి, ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండిపోతుంది. కొన్నేళ్లకు అది పొట్టి పన్నులా లోపలికి నక్కి కనిపిస్తుంది.

ఎంఆర్ఐ తీయించుకోవచ్చా?

టైటానియం, జిర్కోనియా అయస్కాంతానికి అంటుకోవు, తీయించుకోవచ్చు. నోటి దగ్గర చిత్రం కొంత మసకబారుతుంది. పళ్ల సెట్టును అయస్కాంతాలతో నిలబెట్టి ఉంటే ముందే చెప్పండి.

"95 శాతం విజయం" అంటారు. నమ్మవచ్చా?

పదేళ్ల తర్వాత నోట్లో మిగిలి ఉన్నవాటి సంఖ్యగా ఆ అంకె సుమారుగా నిజమే. అయితే మిగిలి ఉండటం వేరు, బాగుండటం వేరు. చుట్టూ ఎముక సగం కరిగి, చీము కారుతున్న ఇంప్లాంట్ కూడా ఆ 95లో లెక్కే. పైగా ఆ లెక్కల్లో చాలావరకు క్రమం తప్పకుండా పరీక్షకు వచ్చినవారివి.

పెట్టించుకున్నాక నా దగ్గర ఏ కాగితం ఉండాలి?

కంపెనీ పేరు, ఇంప్లాంట్ రకం, వ్యాసం, పొడవు, లాట్ నంబరు, అబట్‌మెంట్ వివరం ఉన్న కార్డు. పెట్టెమీద అతికించి వచ్చే స్టిక్కర్లనే కార్డు మీద అంటించి ఇవ్వవచ్చు. ఒక కంపెనీ మరకు ఇంకో కంపెనీ స్క్రూడ్రైవర్ చాలాసార్లు పట్టదు. ఎనిమిదేళ్ల తర్వాత వేరే ఊళ్లో క్యాపు వదులై వెళ్తే, కార్డు లేని చోట డాక్టరు ఎక్స్‌రేలోని మరల ఆకారం చూసి ఏ కంపెనీదో ఊహించవలసి వస్తుంది. నేనూ అలా డ్రాయరులోని డ్రైవర్లన్నీ ఒకటొకటిగా పెట్టి చూసిన మధ్యాహ్నాలు ఉన్నాయి, చివరికి పట్టింది పదకొండోది.